మఛ్లీవాలీ చెయ్యి

పాత బొమ్మని చూడమని పిలిస్తే హనుమత్ప్రసాద్ గారు ముందు బొమ్మని చూసేవారు కాదు. ఇంటివాళ్ళు కుర్చీ జరిపి, టీ తెప్పించి, తాతల నాటి కథ అందుకునే లోపలే ఆయన గోడ దగ్గరికి వెళ్ళి దాని మీద అరచెయ్యి ఆనించేవారు. చెమ్మ ఉందో లేదో చూసుకున్నాక పటాన్ని దింపించి వెనక్కి తిప్పించేవారు. వెనక గుడ్డ ఎలా ఉంది, చెక్క చట్రం వంగిందా, మేకులు తుప్పుపట్టాయా, ఎప్పుడైనా ఎవరైనా ఇంకో గుడ్డ తెచ్చి అతికించారా, ఇవన్నీ అయ్యాకే ముందువైపు తిప్పమనేవారు. మొహం చూసి ఆరోగ్యం చెప్పేది చుట్టాలు వసూ, డాక్టర్లు కాదు అని శిష్యురాలితో అంటుండేవారు.

ఆ శిష్యురాలు వసుమతి. తెనాలి నుంచి బొమ్మలు వెయ్యడం నేర్చుకోవడానికి వచ్చి, వెయ్యడం కన్నా వేసినవాటిని బతికించడం మీద మనసు పడి, ఆయన దగ్గర చేరిపోయింది. అప్పట్లో ఆయన ఓ మ్యూజియంలో బొమ్మలు బాగుచేసే విభాగానికి పెద్ద. భూతద్దం ఎలా పట్టుకోవాలో, టార్చిని పక్కనుంచి ఎంత వాలుగా కొడితే రంగుపొరలో ఎగుడుదిగుళ్ళు బయటపడతాయో, ఎక్కడ ముట్టుకోవచ్చో ఎక్కడ ఊపిరి కూడా బిగబట్టాలో, అన్నీ ఆయనే చెప్పారు. పెళ్ళి కుదిరినప్పుడు అత్తవారు ఉద్యోగం మానిపించాలనుకుంటే, ఆయన పని కట్టుకుని తెనాలి వెళ్ళి, వియ్యంకులిద్దర్నీ కూర్చోబెట్టి ఒప్పించి వచ్చారు. వసుమతి ఆ సంగతి ఎప్పుడూ మర్చిపోలేదు. భర్త తారక్ కూడా, మీ మాస్టారు లేకపోతే మన పెళ్ళే లేదని నవ్వుతూ అనేవాడు.

రిటైరయ్యాక ఆయన అమీర్‌పేటలో తన ఇంటి కింది వాటాలోనే వర్క్‌షాప్ పెట్టుకున్నారు. మైత్రీవనం వెనక సందు అది. ఆ రోజుల్లో సందులో ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ కోచింగ్ బోర్డులే. ఇంటి వాటాలన్నీ హాస్టళ్ళయిపోయాయి. పొద్దున్నే ఫైళ్ళు చంకన పెట్టుకుని పిల్లలు ఇడ్లీ బళ్ళ చుట్టూ మూగేవాళ్ళు. కింది వాటా కోచింగ్ వాళ్ళకి ఇస్తే హాయిగా కూర్చుని తినొచ్చు కదా అని ఇరుగుపొరుగు అనేవారు. ఆయన విననట్టు ఊరుకునేవారు. వసుమతి ఉద్యోగం వదులుకుని ఆయనతోనే వచ్చేసింది. ఇళ్ళల్లో, క్లబ్బుల్లో, చర్చిల్లో ఉన్న పాత తైలవర్ణ చిత్రాలు ఏ స్థితిలో ఉన్నాయో చూసి చెప్పడం, కావలసినవాటికి మరమ్మతు చెయ్యడం వాళ్ళ పని. ఈ ఊళ్ళో ఆయన చూసి బాగుందంటే బాగున్నట్టే. రెండోవాళ్ళని అడిగేవారు లేరు.

ఓ ఏడాదిగా వసుమతి కొన్ని గమనిస్తూనే ఉంది. పక్కన పెట్టిన టీ గ్లాసు ఆయనకి కనబడేది కాదు. చెయ్యి తగిలి ఒలికిపోయేది. ఆమె ఎదురుగా పెట్టడం మొదలుపెట్టింది. గుమ్మం దాటుతుంటే ఆయన భుజం తలుపుకి కొట్టుకునేది. నివేదికలు ఇదివరకు సొంత చేత్తో రాసేవారు, ఇప్పుడు చెబుతుంటే ఆమె రాస్తోంది. పెద్దవయసు కదా అనుకుంది. ఆ మాట కింద ఇంకో మాట ఉందని ఆమెకి తెలుసు. దాన్ని పైకి రానివ్వలేదు.

రెండు వేల సంవత్సరం, వానలు మొదలైన రోజులు. మాదాపూర్‌లో కొత్తగా కట్టిన ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు భవనం ప్రారంభానికి ఓ ప్రదర్శన పెట్టదలచుకున్నారు. హైదరాబాద్ పాత కుటుంబాల ఇళ్ళల్లో ఉండిపోయిన యూరప్ చిత్రాలన్నీ ఒకచోట చేర్చాలని వాళ్ళ ఆలోచన. హనుమత్ప్రసాద్ గారు చూసి, కదపడానికి ఫర్వాలేదని రాసిస్తేనే ఏ బొమ్మయినా ఇల్లు దాటాలని కంపెనీ వాళ్ళు షరతు పెట్టారు. అలా వాళ్ళిద్దరూ పంజాగుట్టలో ఇఫ్ఫత్ గారింటికి వెళ్ళారు.

ఇఫ్ఫత్ మహిళా కాలేజీలో బోటనీ చెప్తుంది. యాభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. తల్లి వహీదా బేగం పోయి ఏడాదైంది. రెండు కాంప్లెక్సుల మధ్య ఇరుక్కుపోయిన పాత పెంకుటిల్లు అది. భోజనాల గదిలో గోడకి ఆ బొమ్మ ఉంది. మూడు వందల ఏళ్ళ నాటి డచ్చి పని. ఓ ముసలామె గౌను చేతులు పైకి మడుచుకుని రాగి గంగాళంలో చేపలు కడుగుతోంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు ఆమె మొహం మీద కొంచెమే పడి, తిన్నగా ఎడమ చేతి మీదకి దిగుతుంది. నీళ్ళల్లో నాని ముడతలు పడ్డ చెయ్యి అది. చేప మొప్పల దగ్గర వేళ్ళు దూర్చి పట్టుకుంది. వేసినవాడి పేరు ఎక్కడా లేదు గానీ, ఆ చెయ్యి చూస్తే వాడికి పేరు అక్కర్లేదనిపిస్తుంది. ఇఫ్ఫత్ తాతగారు రైల్వేలో ఇంజనీరు. సికింద్రాబాద్ నుంచి ఓ ఇంగ్లీషు అధికారి సామాను వేలం వేసి వెళ్ళిపోతుంటే కొన్నారట. ఇంట్లో అందరూ దాన్ని మఛ్లీవాలీ, అంటే చేపలావిడ, అనేవారు. చిన్నప్పుడు అన్నం తినకపోతే, మఛ్లీవాలీ చూస్తోంది, ఆ తడిచేత్తోనే ఒక్కటి వేస్తుంది అని తల్లి బెదిరించేదని ఇఫ్ఫత్ చెప్పింది. ఆ గది దాటి ఆ బొమ్మ ఎప్పుడూ పోలేదని, తన తరవాత చూసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఒక్కసారైనా నలుగురు చూస్తే బాగుండునని అంది.

మాస్టారు అలవాటు ప్రకారం గోడ తడిమారు. అడుగున చెమ్మ తగిలింది. ఆ గోడకి అవతల బాత్‌రూమ్ ఉందట. తల్లికి మోకాళ్ళ నొప్పులొస్తే కట్టించారట. పటం దింపి చూస్తే వెనక గుడ్డ కింది అంచు రంగు మారి ఉంది. ఆయన తల ఊపి, ముందువైపు తిప్పించి, కిటికీలు మూయించి టార్చి వెలిగించారు.

వసుమతి ఆయన పక్కనే వంగి ఉంది. వాలుగా పడ్డ వెలుతురులో ముసలామె ఎడమ చేతి చుట్టూ రంగు లేచి ఉండడం ఆమెకి స్పష్టంగా కనిపించింది. ఎండిన చెరువులో బురద పెచ్చులు అంచులు పైకి తిరిగినట్టు, ఒక్కో పెచ్చు పక్కన గోరంత నీడ. కింద గుడ్డకి పట్టు లేదు. గట్టిగా తలుపు వేసినా రాలిపోయేలా ఉంది. మాస్టారి టార్చి ఆ చోటు మీదుగా వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"మాస్టారూ, ఈ ఎడమ చెయ్యి," అంది వసుమతి మెల్లిగా.

"చూశానుగా. పాత పగుళ్ళే," అన్నారాయన.

ఆ గొంతులో విసుగుంటే ఆమె ఇంకోమాట అనేదేమో. విసుగు లేదు. భయం ఉంది. ఇఫ్ఫత్ అప్పుడే టీ ట్రే పట్టుకుని లోపలికొచ్చి, ఎలా ఉంది సాబ్ అని అడిగింది. మీ మఛ్లీవాలీ గట్టి మనిషండీ, వార్నిష్ పసుపెక్కింది అంతే, నిక్షేపంగా పంపించవచ్చు అని ఆయన నవ్వుతూ చెప్పారు. వసుమతి కాగితం మీద పాత పగుళ్ళు అని తన చేత్తోనే రాసింది. ఆయన సంతకం పెట్టారు.

బయటికొచ్చి మెయిన్ రోడ్డు దాటుతున్నారు. కేబుళ్ళ కోసం రోడ్డంతా తవ్వి పోశారు. మిగిలిన సగంలోనే బస్సులూ ఆటోలూ. మాస్టారు ఎదురుగా చూసుకుంటూ అడుగు వేశారు. పక్కనుంచి ఓ స్కూటర్ హారన్ కొడుతూ వస్తోంది. అది ఆయనకి పదడుగుల దూరంలో ఉన్నా ఆయన తల అటు తిరగలేదు. వసుమతి ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగింది. స్కూటరువాడు తిట్టుకుంటూ పోయాడు. ఎక్కడినుంచి ఊడిపడతార్రా మీరు అని ఆయన గట్టిగా అన్నారు. తరవాత ఆటోలో కూర్చున్నంతసేపూ పక్కనున్న కమ్మీ వదల్లేదు.

ఆ రోజు ఆమె అడిగి ఉండొచ్చు. ఆటో అమీర్‌పేట చేరడానికి బోలెడంత సమయం ఉంది. అడిగితే ఆయన ఏమవుతారో ఆలోచించింది. బొమ్మల్ని చూడడం తప్ప ఇంకో పని తెలియని మనిషి. ఈ ఊరికి ఆయన కన్నే గదా ఆయన పేరు. దీనికి ఇంకో దారి ఉందనుకుంది. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక బొమ్మ తీసుకుపోవడానికి మనుషులు వస్తామన్నారు. ఆలోగా తానొక్కతే వెళ్ళి, ఆ చేతి మీద పల్చటి జపాను కాగితం పరిచి జిగురుతో పట్టించి వస్తే ప్రయాణంలో పెచ్చులు ఊడవు. ప్రదర్శన వాళ్ళకి ముందుజాగ్రత్త అని చెప్పుకోవచ్చు. తిరిగొచ్చాక నిదానంగా బాగుచేసుకోవచ్చు. మాస్టారికి తెలియనక్కర్లేదు. తారక్‌తో చెబితే, ఆయనతో ఓ మాట అనేస్తే సరిపోయేదానికి ఇంత తిప్పలెందుకు అన్నాడు. అతనికేం తెలుసని ఊరుకుంది.

పొద్దున్నే ఇఫ్ఫత్‌కి ఫోన్ చేసి, ఓసారి వచ్చి కొంచెం దుమ్ము తుడిచి పోతానంది. తాను కాలేజీకి పోవాలని, పనిమనిషి ఉంటుందని ఇఫ్ఫత్ చెప్పింది. వసుమతి జిగురు నానబెట్టి, కాగితం కత్తిరించి సంచిలో సర్దుకుంటుంటే మాస్టారు పైనుంచి దిగొచ్చారు. ఎవరికోసం అదంతా అని అడిగారు. చర్చి బొమ్మకి అని అబద్ధమాడింది. ఆయన ఎర్రమంజిల్‌లో పెన్షన్ ఆఫీసులో చిన్న పని ఉంది, తోడు వస్తావా వసూ అని అడిగారు.

ఆయన ఏనాడూ ఎవర్నీ తోడు అడిగిన మనిషి కాదు. రాలేనంటే ఎందుకో చెప్పాలి. ఆమె సంచి భుజాన వేసుకుని ఆయనతో వెళ్ళింది. దగ్గరే కదా, త్వరగా ముగించుకుని అటునుంచి అటే పోవచ్చనుకుంది. ఆఫీసులో సంతకం పెట్టాల్సిన మనిషి సీట్లో లేడు. బెంచీ మీద కూర్చున్నారు. మాస్టారు ఉన్నట్టుండి ఆమె కొత్తల్లో చేసిన తప్పులు గుర్తుచేసుకుని నవ్వుకున్నారు. ఆమె పైకి నవ్వుతూ కిటికీలోంచి మబ్బుల్ని చూస్తోంది. మధ్యలో లేచి ఎస్టీడీ బూత్ నుంచి ఇఫ్ఫత్ ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆయన్ని ఇంటి దగ్గర దింపి ఆటోలో పంజాగుట్ట చేరేసరికి గేటుకి తాళం. వాన పడేలా ఉందని వ్యాను వాళ్ళు ముందే వచ్చి తీసుకుపోయారని, పనిమనిషి కూడా తాళం వేసి వెళ్ళిపోయిందని పక్క కాంప్లెక్స్ వాచ్‌మన్ చెప్పాడు.

అప్పుడైనా ప్రదర్శన వాళ్ళకి ఫోన్ చేసి, పెట్టె నేను వచ్చేదాకా తెరవకండి అని ఉండొచ్చు. ఎందుకని అడుగుతారు. ఏమీ కాదులే అనుకుంది. మూడు వందల ఏళ్ళు నిలిచింది, ఇంకో గంట నిలవదా అనుకుంది. అనుకుంటూ ఇంటికి పోయింది.

మర్నాడు కబురొచ్చింది. ఇద్దరూ మాదాపూర్ వెళ్ళారు. అద్దాల భవనం ఇంకా సున్నం వాసన వేస్తోంది. ఏసీ చలిలో, పెద్ద బల్ల మీద మఛ్లీవాలీని పడుకోబెట్టారు. పెట్టెలో పరిచిన తెల్ల కాగితం మీద గోధుమరంగు, ఊదారంగు పొట్టు. చేప పొలుసులు గీకి పోసినట్టుంది. ముసలామె ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడినుంచి పాత గుడ్డ, మట్టిరంగులో. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

మాస్టారు వంగి చాలాసేపు చూశారు. వేలితో అంచు తాకి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నేను చూసినప్పుడు బాగానే ఉంది. దారిలో కుదిపి ఉంటారు," అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకి కనిపించింది అదే.

నివేదికలో కూడా అదే ఉంది కాబట్టి ఇంకెవరూ మాట్లాడలేదు. ప్యాకింగ్ చేసిన మనిషి గోడ దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని పేరు బాబూ మియా. ఊళ్ళో ఎక్కడ అద్దాలు, పటాలు, పియానోలు కదపాలన్నా పిలిచేది అతన్నే. అతని మేస్త్రీ అందరి ముందే, రేపటినుంచి పనికి రావద్దన్నాడు. వసుమతి నోరు తెరిచింది. మాస్టారు ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. తోవ కనబడక పట్టుకున్నారో, మాట్లాడొద్దని పట్టుకున్నారో ఆమెకి తెలియలేదు. ఆయన్ని నడిపించుకుంటూ బయటికి వచ్చేసింది.

ఆ తరవాతి రోజుల్లో వర్క్‌షాప్‌లో మాస్టారు ఎదుటే కూర్చుని చర్చి బొమ్మ మీద పనిచేస్తోంది, చెయ్యి కుదరడం లేదు. ఆయన మాత్రం మామూలుగా ఉండడానికి చాలా కష్టపడుతున్నారు. రోడ్లు తవ్విపారేసి, గుంతల్లో వ్యాను తోలి, బొమ్మలు ఎలా మిగులుతాయని ఒకటికి పదిసార్లు అన్నారు. ఎవరూ కాదనకపోయినా అన్నారు.

ఓ పొద్దున బాబూ మియా వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. మాస్టారికి సలాం చేసి, వసుమతి వైపు తిరిగాడు.

"అమ్మా, పని ఇయ్యిండ్రి అని అడగనీకి రాలే. గా తస్వీర్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టే ఎత్తుకున్న. వ్యాన్ల సుత నా ఒళ్ళనే పెట్టుకొని కూసున్న. అయినా నా చేతిలనే పోయిందంటుండ్రు. ఇంట్ల పడుకుంటె గదే యాదికొస్తుంది. యాడ తప్పు చేసిన్నో నాకు సమజైతలేదు." టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మీరు సుత చూసిండ్రు గదా. గోడకున్నప్పుడు మంచిగనే ఉండెనా? మంచిగనే ఉండె అంటె నా తప్పే. ఒప్పుకుంట. జర నిజం చెప్పుండ్రి."

"బాగానే ఉందయ్యా. నేను స్వయంగా చూశాను," అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ," అంది వసుమతి.

ఆయన ఆమె వైపు తిరిగారు. నేరుగా చూస్తే ఆయన చూపులో ఏ లోపమూ కనబడదు. అదే పాత చూపు.

"రంగు అప్పటికే లేచిపోయి ఉంది. మీ టార్చి రెండుసార్లు దాని మీదుగా వెళ్ళింది. మీకు కనబడలేదు. నాకు కనబడింది. నేను చెప్పకుండా పాత పగుళ్ళు అని రాశాను." బాబూ మియాతో అంది. "మీ తప్పు ఏమీ లేదు భాయ్. మీరు ఎత్తకముందే అది పోయింది."

బాబూ మియా గుమ్మం పట్టుకుని అక్కడే కింద కూర్చున్నాడు. తప్పు తనది కాదని విన్నందుకు సంతోషపడ్డట్టు కనబడలేదు. మాస్టారి మొహమే చూస్తున్నాడు. మాస్టారు లేచారు. మెట్ల వైపు నడుస్తుంటే భుజం తలుపు చెక్కకి గట్టిగా తగిలింది. బాబూ మియా గబుక్కున లేచి పట్టుకోబోతే ఆయన చెయ్యి విదిలించుకుని, గోడ తడుముకుంటూ పైకి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే వసుమతి మాదాపూర్ వెళ్ళి జరిగింది చెప్పి, అదే రాసిచ్చింది. మేస్త్రీ బాబూ మియాని తిరిగి పిలిపించుకున్నాడు. అంతమందిలో పోయిన పరువుని మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు. అక్కడినుంచి పంజాగుట్ట వెళ్ళింది. మఛ్లీవాలీ ఇంటికొచ్చేసింది. చెమ్మ గోడకి తగిలించలేక భోజనాల బల్ల మీద వెల్లకిలా పెట్టి, పైన దుప్పటి కప్పారు. ఇఫ్ఫత్ మొత్తం విన్నది. అయ్యాక దుప్పటి ఓ మూల ఎత్తి చూసి మళ్ళీ కప్పింది.

"ఆయనకి కండ్లు కనబడలే, సరే. మీకేం కనబడ్డది?" అంది. "ఆయన ఇజ్జత్ కనబడ్డది. మా అమ్మ తస్వీర్ కనబడలే. అడుగుతే ఆ పొద్దే పంపనంటుంటి. నన్నెందుకు అడగలేదు?"

వసుమతి తప్పయిపోయిందంది. ఇఫ్ఫత్ ఫర్వాలేదనలేదు. చెయ్యి మళ్ళీ వేసిస్తానంటే ఒప్పుకోలేదు. రాలిన పొట్టంతా పొట్లం కట్టి ఉంది గానీ అందులోంచి వేళ్ళని తిరిగి పేర్చడం ఎవరి తరమూ కాదు, కొత్తగా వెయ్యాల్సిందే. మీరు వేసిన చెయ్యి నాకెందుకని ఇఫ్ఫత్ అడిగింది. కనీసం మిగిలింది రాలకుండా పట్టించనివ్వండి, లేకపోతే చేపలు కూడా పోతాయి అని వసుమతి బతిమాలింది. ఇఫ్ఫత్ దానికి మాత్రం తల ఊపింది. వేరేవాళ్ళయితే బాగుండును గానీ ఈ ఊళ్ళో ఇంకెవరున్నారని అంది. ఆ తరవాతి ఆదివారాలన్నీ వసుమతి ఆ బల్ల దగ్గరే వంగి, ఒక్కొక్క పెచ్చు కిందికీ కుంచెతో జిగురు చుక్క పంపి, వేలితో అదిమిపట్టుకుని కూర్చుంది. ఇఫ్ఫత్ ఎదురు కుర్చీలో కాలేజీ పేపర్లు దిద్దుకుంటూ, కళ్ళు మాత్రం ఆమె చేతుల మీదే ఉంచేది. టీ ఇచ్చేది. మాట కలిపేది కాదు.

వర్క్‌షాప్ మూతపడింది. మాస్టారి భార్య ఛాయాదేవి గారు ఫోన్ చేసి, ఈయనకి నీటికాసులట వసూ, గ్లాకోమా అంటారట, రెండేళ్ళ కిందటే డాక్టరు చెప్పాడట, నాకు కూడా చెప్పలేదమ్మా అని ఏడ్చింది. చుక్కల మందు కింది వాటాలో పనిముట్ల బీరువాలో దాచుకుని, గుర్తున్నప్పుడు వేసుకునేవారట. చుట్టూ ఉన్న చూపంతా హరించుకుపోయి, నడుమ ఓ కిటికీ అంత మిగిలిందట. పోయింది రాదట, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమేనట. నిన్ను రమ్మనాలని నాకుంది గానీ నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోతున్నారని చెప్పింది. వసుమతి రెండుమూడుసార్లు వెళ్ళి, కింది వాటా గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది. ఓ నెల గడిచాక చూస్తే ఆ వాటాకి కూడా రంగుల బోర్డు పడింది. ఒకప్పుడు బొమ్మలు ఆనించిన గోడల వెంబడి కంప్యూటర్లు వరసగా కూర్చున్నాయి.

చలికాలంలో ఆయనే కబురు పంపారు. వెళ్ళేసరికి పైన వరండాలో ఎండలో కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. కూర్చోమనలేదు, ఆమే స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. కింద సందులోంచి పిల్లల గోల వినిపిస్తోంది.

"ఆ చెయ్యి ఎంత పోయింది?" అని అడిగారాయన. "ఆ రోజు నా చూపుకి సరిగ్గా అందలేదు. నువ్వు చెప్పు."

ఆమె చెప్పింది. మణికట్టు దాకా ఉందని, అక్కడినుంచి అరచెయ్యీ నాలుగు వేళ్ళూ లేవని, బొటనవేలు చేప మొప్ప మీదే ఉందని. గుడ్డ ఏ రంగులో బయటపడిందో, అంచులు ఎలా ఉన్నాయో, మిగిలినదాన్ని ఏ జిగురుతో పట్టించిందో అన్నీ అడిగారు. జిగురు కొంచెం చిక్కనైందేమో అన్నారు. కాలేదండి అంది.

"నువ్వు ముందే నాతో అనాల్సింది వసూ. ఆటోలో."

"అంటే వినేవారా మాస్టారూ?"

ఆయన ఎండ వైపు మొహం తిప్పుకుని ఆలోచించారు.

"వినేవాణ్ణి కాదు," అన్నారు. "నిన్ను పనిలోంచి పొమ్మనేవాణ్ణి కూడా. అయినా అనాల్సింది."

ఆమె అవునంది. ఇఫ్ఫత్ గారిని చూడాలని ఉందని, తీసుకెళ్తావా అని అడిగారు. ఆవిడ రానిస్తుందో లేదో తెలియదని వసుమతి ఉన్నదున్నట్టు చెప్పింది. అడిగి చూడమన్నారు. లోపల ఛాయాదేవి గారు పోపు పెడుతున్న వాసన వస్తోంది. భోంచేసి వెళ్ళమని అక్కడినుంచే కేకేసింది. వసుమతి లేచి లోపలికెళ్ళి, ఫోన్ దగ్గర నిలబడి, కాస్త ఆగి పంజాగుట్ట నంబరు తిప్పింది.